అప్పలమ్మది ఏ ఊరో చెప్పండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రెవెన్యూ శాఖ, సాంస్కృతిక శాఖ, స్టేట్ ఆర్కైవ్స్, ప్రవాసాంధ్రుల వ్యవహారాలు చూసే సంస్థల పెద్దలకు,



ప్రవాసాంధ్రులంటే మీ లెక్కలో విమానమెక్కి వెళ్ళినవాళ్ళేనా, ఓడెక్కి వెళ్ళినవాళ్ళు కూడానా? డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వచ్చినవాళ్ళకు పెట్టుబడుల సదస్సులున్నాయి, స్వాగత తోరణాలున్నాయి, శాలువాలున్నాయి. డర్బన్ నుంచో మారిషస్ నుంచో ఫిజీ నుంచో ఒక మనిషి పాత కాగితం నకలు చేతబట్టుకుని వచ్చి, మా ముత్తవ్వది ఈ ఊరట, ఇది ఎక్కడుందో చెప్పగలరా అని అడిగితే మాత్రం అది వాళ్ళింటి సొంత వ్యవహారమైపోతుంది. ఈ మాట ఏ జీవోలోనూ రాసి ఉండదని నాకు తెలుసు. కానీ ఆ మనిషి ఏ ఆఫీసుకు వెళ్ళాలి, ఏ కౌంటరు దగ్గర నిలబడాలి, ఎవరికి అర్జీ పెట్టుకోవాలి? ఇన్నేళ్ళలో దీనికి సూటిగా ఒక్క జవాబు లేదంటే మీ వైఖరి ఏమిటో రాసి చెప్పనక్కర్లేదు. ఆ వైఖరిని ఒప్పుకోలేకే ఈ లేఖ.

ఆ కాగితం సంగతి ముందు చూడండి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకుని దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా చెరుకు తోటలకు, బొగ్గు గనులకు, రైలు కట్టలకు అక్కడికి చేరిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవాళ్ళే. ప్రతి ఓడకూ ఒక జాబితా ఉంది, ప్రతి మనిషికీ అందులో ఒక వరుస ఉంది. మొదట వలస నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, ఠాణా, ఊరు, చివర ఒంటిమీది గుర్తులు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు ఆ జాబితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉంటుందనుకోండి: అప్పలమ్మ, తండ్రి సన్యాసి, వయసు 22, విశాఖపట్నం జిల్లా, ఊరు కొత్తవలస, ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ. ఈ వరుస నేను కల్పించిందే, ఇలాంటివాటికి మాత్రం ఆ జాబితాల్లో కొదవ లేదు. పేరు చూడగానే ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి దాకా ఎవరైనా ఈమె మనవైపు మనిషే అంటారు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న మనిషి మరెక్కడిదవుతుంది? కాలిన మచ్చ దగ్గర మాత్రం చదివేవాళ్ళు కాసేపు ఆగుతారు. పొయ్యి దగ్గర కాలిందో, చిన్నప్పుడు జబ్బుకు వాత పెట్టారో. ఆ గుమాస్తాకు అది ఆమె పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చే ఆనవాలు. మునిమనవరాలికి ఆమె రూపంలో మిగిలింది అదొక్కటే.

ఊరితో పాటు వాళ్ళు వెతుక్కునే ఆమె సమాధి సంగతి ఇక. ఓడ దిగినప్పుడు ఇచ్చిన ఆ నంబరు మనిషిని చివరిదాకా వదలలేదు. ఏ తోటకు పంపారో, ఎవరిని పెళ్ళాడిందో, ఎప్పుడు పోయిందో, వలసదారుల సంరక్షకుడనే అధికారి కార్యాలయంలో అన్నీ ఆ నంబరు కిందే నమోదయ్యేవి. నంబరు దొరికితే తోట దొరుకుతుంది. తోట, పోయిన ఏడు తెలిస్తే ఆమెను మట్టి చేసిన శ్మశానం ఏదో చాలావరకు తేల్చుకోవచ్చు. ఈ పనికి అక్కడివాళ్ళు ఎవరి సాయమూ అడగడం లేదు, వాళ్ళ పరిశోధకులు దశాబ్దాల కిందటే మొదలుపెట్టారు. 1902 వరకు వచ్చిన 95,382 మంది వివరాలను సురేంద్ర భానా అనే చరిత్రకారుడు ఓడల జాబితాల నుంచి విశ్లేషించి 1991లోనే పుస్తకం వేశారు. చిక్కు ఎక్కడంటే, చాలా కుటుంబాల్లో నంబరు కాగితం పోయింది. మిగిలింది నోటి మాట: పేరు అప్పలమ్మ, ఊరు బొబ్బిలి పక్కన ఏదో. జాబితాల్లో అప్పలమ్మలు ఒకరిద్దరు కారు. వాళ్ళలో తమ అప్పలమ్మ ఎవరో తేలాలంటే ఊరే ఆధారం. ఊరు పట్టుకుంటే నంబరు, నంబరు పట్టుకుంటే సమాధి. ఆ మొదటి కొస మీ చేతుల్లో ఉంది. అందుకే ఇది వాళ్ళింటి వ్యవహారం అనడానికి మీకు వీల్లేదంటున్నాను.

ఆ కొస పట్టుకోవడం అంత తేలిక కాదు, అదీ చెప్పాలి. తెలుగు రాని గుమాస్తా చెవికి తోచినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న ఊళ్ళవి. ఒక్క కొత్తవలసే ఉత్తరాంధ్రలో ఎన్ని చోట్ల ఉందో మీ రెవెన్యూ శాఖకు తెలియందా? బయటివాడికి అవన్నీ ఒకటే. పక్క ఊరి పేరు కలిపి ఏది ఏదో విడదీసి చెప్పగలిగేది అక్కడి మనిషి మాత్రమే. దానికి తోడు జిల్లాలు మారాయి. నాటి గంజాంలో కొంత 1936లో ఒరిస్సాకు పోయింది. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో పుట్టాయి. 2022లో మీరే పదమూడు జిల్లాలను ఇరవైయారు చేశారు. విశాఖపట్నం జిల్లా, పార్వతీపురం అని ఉన్న పాత కాగితం పట్టుకుని వచ్చినవాడు ఇవాళ విశాఖ కలెక్టరేట్‌కు వెళ్ళాలా, మన్యం జిల్లా కలెక్టరేట్‌కు వెళ్ళాలా? చిత్తూరు వైపు మనిషైతే కాగితంలో ఉత్తర ఆర్కాటు అని ఉంటుంది, ఎందుకంటే చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. నేటాల్‌కు ఓడలు ఆగిపోయిందీ ఆ ఏడే. ఈ గీతలన్నీ గీసిందీ చెరిపిందీ ప్రభుత్వాలు. పాత గీతకూ కొత్త గీతకూ పొంతన కుదిర్చే పట్టిక తయారు చేసే బాధ్యత డర్బన్‌లో బడిపంతులుగానో నర్సుగానో బతుకుతున్న మనిషిదా, మీదా?

అప్పలమ్మ మీ భూమి రికార్డుల్లో దొరుకుతుందనే భ్రమ నాకేమీ లేదు. ఉత్తరాంధ్రలో ఎక్కువ భాగం జమీందారీ: విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యేదాకా ఆ ఊళ్ళ రైతుల పేర్లే సర్కారు లెక్కల్లోకి సరిగా ఎక్కలేదు. సెంటు భూమి లేని కూలి ఆడమనిషి పేరు ఎక్కడ ఎక్కుతుంది? అందుకే అడుగుతున్నది ఆమె పేరు కాదు, ఊరి ఆచూకీ. శివారు గ్రామాలు, బేచిరాకు గ్రామాలు, చెరువు కింద మునిగి మరోచోటికి తరలిన ఊళ్ళు, పేరు మారిన ఊళ్ళు, వీటన్నిటి వివరం మీ తహసీల్దార్ కార్యాలయాల్లోనే ఉంది, వీఆర్వోల నోళ్ళలో ఉంది, గ్రామ సచివాలయాల్లో ఉంది. ఉన్నదాన్ని ఒకచోట చేర్చమనడం గొంతెమ్మ కోరిక అవుతుందా?

ఆమె, ఆమె అని పదేపదే అంటున్నాను. ముత్తాతను వదిలేసి ముత్తవ్వ కోసమే ఎందుకీ పట్టు అని మీకనిపించవచ్చు. ముత్తాత పేరు ఏదో రకంగా నిలిచింది. జాబితా రాసేటప్పుడే మన ఇంటిపేర్లు ఎగిరిపోయాయి. ఆ తర్వాత తండ్రి పేరో కులం పేరో పిల్లలకు ఇంటిపేరైంది. అందుకే ఇవాళ మారిషస్‌లో అప్పన్న, సింహాద్రి, అప్పలసామి, దక్షిణాఫ్రికాలో అప్పలసామి, నాయుడు ఇంటిపేర్లుగా కనిపిస్తాయి. అప్పలమ్మ పేరు మాత్రం ఏ బిడ్డకూ ఇంటిపేరు కాలేదు. ఆమెను తీసుకుపోవడంలో కూడా ఒక లెక్క ఉంది. నూరుగురు మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని రూలు, ఆ సంఖ్య నింపడానికి ఏజెంట్లు ఊళ్ళ మీద పడేవాళ్ళు. 1866 గంజాం కరువు, 1876 నుంచి రెండేళ్ళు నడిచిన ధాత కరువు వాళ్ళ పని తేలిక చేశాయి. మగవాడికి మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆమెకు అందులో సగం. ఒప్పందం తీరాక మళ్ళీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉండిపోతే మూడు పౌన్ల పన్ను, దాన్నీ 1903లో ఆడపిల్లల దాకా లాక్కొచ్చారు. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ ఇచ్చిన తీర్పుతో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళకు చట్టం దృష్టిలో విలువే లేకుండా పోయింది. తాళి కట్టించుకుని ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన ఆడమనిషి రాత్రికి రాత్రి ఎవరికీ ఏమీ కానిదైపోయింది. ఇలా పేరులో, కూలిలో, పెళ్ళిలో తీసిపారేసిన మనిషిని తోట పక్కన మట్టి చేసి ఆనవాలుగా రాయి కూడా పెట్టకపోతే, చెరుకు విస్తరించాక అక్కడ ఏముందో ఎవరు చెప్పగలరు? డర్బన్ మునిసిపాలిటీ శ్మశానాల్లో చోటు చాలక, గడువు తీరి ఎవరూ పొడిగించుకోని సమాధి స్థలాన్ని మరొకరికి ఇచ్చే పద్ధతి ఉంది. ఎవరిదో తెలియని సమాధిని పొడిగించమని అడిగేవాళ్ళెవరు?

పక్క రాష్ట్రం ఏం చేసిందో చూడండి. వళ్ళియమ్మ మునుస్వామి ముదలియార్ జొహనెస్‌బర్గ్‌లో పుట్టిన తమిళ పిల్ల. గాంధీ నడిపిన సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, జబ్బుతో బయటికి వచ్చి, 1914 ఫిబ్రవరి 22న పదహారేళ్ళకే కన్నుమూసింది. బ్రామ్‌ఫాంటెయిన్ శ్మశానంలో ఆమె సమాధి మీది రాతిని ఆ ఏడు జూలైలో గాంధీయే ఆవిష్కరించారు. అంతటి సమాధి కూడా తర్వాత ఎవరూ పట్టించుకోక మరుగున పడింది. దాన్ని మళ్ళీ వెతికి, బాగుచేసి 1997లో ఆవిష్కరించారు. ఇక్కడ తమిళనాడులో ఆమె తల్లి ఊరు తిల్లైయాడిలో ప్రభుత్వం స్మారక మందిరం కట్టింది. చెన్నై ఎగ్మూరులో చేనేత సహకార సంస్థ కో ఆప్టెక్స్ భవనానికి ఆమె పేరు పెట్టారు. 2008లో తపాలా బిళ్ళ వచ్చింది. అక్కడ పుట్టకపోయినా ఆ ఊరు ఆమెను తన బిడ్డ అనుకుంది. ఆమె సత్యాగ్రహి, అప్పలమ్మ మామూలు కూలి, ఇద్దరికీ పోలికేమిటని మీరంటారేమో. ఆ తేడా నేనూ కాదనను. అప్పలమ్మకు మందిరం కట్టమనీ అడగను. గాంధీ చేతి మీదుగా వెలిసిన సమాధే ఎనభై ఏళ్ళు తిరక్కముందే మరుగున పడితే, రాయి కూడా లేని సమాధుల గతేమిటో ఆలోచించమంటున్నాను.

నాలుగు తరాల కిందటి మనిషి కోసం ఇంత గొడవా, ఇక్కడున్నవాళ్ళలో ముత్తవ్వ పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది అనే మాట నిజంగా బలమైనదే. తద్దినంలో చెప్పే పేర్లే మూడు తరాల దాకా. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు కూడా ఆ పైవాళ్ళను అందరినీ కలిపి పెద్దలు అనే ఒక్క మాటతో తలుచుకుంటాం. కానీ ఇక్కడ మరిచిపోవడానికీ, అక్కడ పోగొట్టుకోవడానికీ తేడా లేదా? మనం పేరు మరిచినా ఊరుంది, ఇంటిపేరుంది, గోత్రం ఉంది, ఊరి చివర శ్మశానం ఉంది, చెప్పడానికి ఎవరో ఒక ముసలామె ఉంది. మరుపు మనకు సుఖంగా ఉండేది వీటన్నిటి దన్నుతోనే. వాళ్ళకు ఈ అయిదింటిలో ఒక్కటీ లేదు. మనం మరిచినట్టే వాళ్ళనూ మరవమనడం, నిండు కడుపుతో ఉన్నవాడు పస్తులున్నవాడికి ఉపవాసం మంచిదని చెప్పడం కాదా?

విదేశాల సంగతులు కేంద్రం చూసుకుంటుందనే మరో జవాబు మీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాస్‌పోర్టు కేంద్రానిది, వీసా కేంద్రానిది, ఒప్పుకుంటాను. కొత్తవలస మాత్రం కేంద్రానిది కాదు. మూలాలు వెతికిపెట్టే పథకం కేంద్రం 2008లోనే పెట్టింది, కానీ ఢిల్లీలో ఎవరు కూర్చున్నా చివరికి ఆ ఊరేదో అడగాల్సింది మీ తహసీల్దార్‌నే. కలకత్తాలో కిదిర్‌పూర్ డిపో దగ్గర 2011లో ఒప్పంద కూలీల పేర స్మారకం వెలిసింది, 2015లో అక్కడి నది ఒడ్డునే, సూరినామ్ ఘాట్‌లో మూట పట్టుకున్న ఆలుమగల విగ్రహం పెట్టారు. మన వైపు ఏముంది? 1843లో కోరింగా ప్యాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు మోసుకుపోయింది. కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగువాళ్ళకు ఒకప్పుడు కోరంగీలనే పేరు పడింది. ఆ కోరంగి ఇవాళ కాకినాడ జిల్లాలో మడ అడవుల విహార కేంద్రం. పడవ ఎక్కే పర్యాటకుడికి పీతల గురించీ కొంగల గురించీ చెప్పండి, మంచిదే. ఇక్కడి నుంచి మనుషులు కూడా వెళ్ళారని చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది? 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగితే మన ప్రముఖులు వెళ్ళి వచ్చారు. ఆ దేశంలో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందని అప్పటి నుంచీ వేదికల మీద చెప్పుకుని మురిసిపోతున్నాం. వాళ్ళు మన పండగను కాపాడినంత శ్రద్ధగా మనం వాళ్ళ ఊళ్ళ పేర్లు కాపాడామా?

పైకి అనకపోయినా చాలామంది మనసులో మెదిలే సందేహం ఇంకొకటుంది. ఓడెక్కిన ఆడవాళ్ళలో మొగుడు వదిలేసినవాళ్ళున్నారు, వితంతువులున్నారు, ఇల్లు వదిలి వచ్చినవాళ్ళున్నారు. కులం గడి ఎలాగూ ఉంది. తవ్వితే ఏం బయటపడుతుందో, ఎందుకొచ్చిన తలనొప్పి అని. ఆ ఆడవాళ్ళ నడవడి మీద నాటి తోటల యజమానులూ తెల్ల అధికారులూ చాలా రాసిపెట్టి పోయారు. సగం కూలికి గొడ్డుచాకిరి చేయించుకున్నవాళ్ళు ఇచ్చిన నడవడి పత్రాన్ని మనం ఇప్పటికీ తలకెత్తుకోవాలా? అడుగుతున్నది ఆమె సొంత వారసులు. ఆమె వితంతువైతే ఏమిటి, ఒంటరిగా వస్తే ఏమిటి, వాళ్ళకు ఆమే మూలపుటమ్మ. కులం విషయంలో భయం ఉంటే దానికి మందు ఉంది: మీరు తయారు చేసే ఊళ్ళ పట్టికలో కులం గడి అక్కర్లేదు. పాతపేరు, నేటి పేరు, నాటి జిల్లా తాలూకా, నేటి జిల్లా మండలం, ఇవి చాలు.

ఇదంతా పోయినవాళ్ళ సంగతే అనుకోకండి. కోనసీమ నుంచీ కడప నుంచీ ఇవాళ్టికీ ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళుతున్నారు. గల్ఫ్‌కు ఇంటిపనివాళ్ళను పంపే అధికారం కేంద్రం ఇచ్చిన ప్రభుత్వ సంస్థల్లో మన ఓంక్యాప్ కూడా ఉంది. దొడ్డిదారిన విజిట్ వీసా మీద వెళ్ళినవాళ్ళ పేర్లు మాత్రం దాని లెక్కలోకి రావు. నూటయాభై ఏళ్ళ కిందట తెల్లవాడు తన లాభం కోసమైనా మచ్చతో సహా రాసుకున్నాడు. ఇవాళ అలా వెళ్ళిన మనిషి అక్కడే కన్నుమూస్తే, ఎక్కడ మట్టి చేశారో ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి మన దగ్గర ఏ రిజిస్టరు ఉంది?

కాబట్టి అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ఓడల జాబితాల్లోని తెలుగు జిల్లాల ఊళ్ళన్నిటికీ నేటి ఆచూకీ చెప్పే పట్టిక ఒకటి రెవెన్యూ శాఖ తయారు చేసి అందరికీ కనబడేలా పెట్టాలి. వలసకు సంబంధించిన మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మన జిల్లాలకు చెందినంతవరకు వాటి నకళ్ళు తెప్పించుకోవడానికి మన స్టేట్ ఆర్కైవ్స్ ఉత్తరం రాయాలి. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, విశాఖ, అనకాపల్లి, కాకినాడ, చిత్తూరు కలెక్టరేట్లలో ఇలాంటి అర్జీలు తీసుకునే అధికారి ఎవరో పేరు, ఫోన్ నంబరు ప్రకటించాలి. అర్జీ వచ్చిన అరవై రోజుల్లో దొరికిందనో, దొరకలేదనో రాతపూర్వకంగా జవాబివ్వాలి. దొరకలేదన్నా వాళ్ళు అర్థం చేసుకుంటారు, జవాబే రాకపోవడాన్ని కాదు.

వీటికి చట్టం అక్కర్లేదు, అసెంబ్లీ అక్కర్లేదు. ఒక మెమో చాలు. వచ్చే సంక్రాంతిలోగా ఆ మెమో ఇవ్వండి.